గుట్ట వైపు వదిలిన చెరకు

మా కోహీర్ వైపు చెరకును నాలుగు దిక్కుల నుంచీ లోపలికి కొట్టుకుంటూ వస్తారు. లోపలున్న పందులు, కుందేళ్ళు జరిగి జరిగి నడుమ మిగిలిన ముక్కలో చేరతాయి. అప్పుడు చుట్టూ కట్టెలు పట్టుకుని నిలబడితే ఆ పూట కూర దొరికినట్టే. ఆ రోజు మా పొలంలోనూ ముక్క మిగిలింది. అందులో ఉన్నది పంది కాదు, పిల్లలతో ఎలుగుబంటి.

నా బిడ్డ చదివింది వాటి గురించే. మా ఆయన పోయాక దాని చదువూ, తర్వాత కొలువూ అన్నీ గుట్టల్లోనే సాగాయి. ఎలుగులు తవ్విన పుట్టలు చూస్తుంది, వాటి పెంట సంచిలో తెస్తుంది. "గింత సదివి గుడ్డెలుగు పెంట ఎత్తుతది నీ బిడ్డ" అని వాడకట్టులో నవ్వితే, "మీ మొగోళ్ళది ఎత్తుతలేదు గదా" అన్నాను.

ఫోన్ చేయగానే జహీరాబాద్ నుంచి బండి మీద వచ్చింది. ఫారెస్టు వాళ్ళింకా దారిలోనే ఉన్నారు.

"గుట్ట దిక్కు ఎవ్వరుండొద్దు. అందరు ట్రాక్టర్ ఎనుకకు రాండ్రి. సప్పుడు చెయ్యకుంటె అదే పోతది" అంది.

"అది పోయేదాంక మేం దానికి కాపలానా తల్లీ?" అన్నాడు కోతగాళ్ళను తెచ్చిన ముకద్దం. అంటూనే మనుషుల్ని తీసుకుని వెనక్కి వెళ్ళాడు.

ఒక్కడు మాత్రం కదల్లేదు. పక్క పొలం అతను, నాకు మరిది వరస. పోయిన ఏడు తునికిపళ్ళకు పోతే ఎలుగు మొహం మీద పడింది, ఒక కన్ను పోయింది. గొడ్డలి పట్టుకుని సరిగ్గా గుట్ట వైపే నిలబడ్డాడు.

"నీ సదువు నీ దగ్గర పెట్టుకో బిడ్డా. ఈ మొకం జూసి మాట్లాడు."

"సూస్తనే ఉన్న కాకా. నిన్ను దవాఖానకు తోల్కపోయింది నేనే గదా. నువ్వు నిలబడ్డది దాని తొవ్వ. వస్తె నీ మీదికే వస్తది."

"రానీ."

"అయితె నేను గూడ ఈడనే ఉంట."

వెళ్ళి అతని పక్కనే నిలబడింది. లోపల చెరకు ఊగింది. బుసబుసమని ఊపిరి వినిపించింది. నేను అరిస్తే మూడు పొలాల అవతలకు వినపడుతుంది, కానీ ఇప్పుడు అరవకూడదు. చప్పుడు కాకుండా పోయి అతని చెవి దగ్గర మెల్లగా అన్నాను.

"నాకున్నది ఈ బిడ్డొక్కతే. నువ్వు జరిగితెనే అది జరుగుతది."

నన్ను చూశాడు, నా బిడ్డను చూశాడు. గొడ్డలి దించలేదు కానీ అడుగు వెనక్కి వేశాడు. ముగ్గురం చెరకు మీంచి చూపు తిప్పకుండా ట్రాక్టర్ దాకా వెనక్కే నడిచాం.

ఎంతసేపు కూర్చున్నామో చెప్పలేను. ఎవరూ బీడీ కూడా ముట్టించలేదు. చివరికి మూతి బయటికొచ్చింది, తర్వాత ఒళ్ళు. వీపు మీద రెండు పిల్లలు జుట్టు పట్టుకుని ఉన్నాయి. మా వైపు ముక్కెత్తి ఆగింది. గొడ్డలి కర్ర మీద అతని వేళ్ళు బిగిశాయి. నా బిడ్డ తల అడ్డంగా ఊపింది, అంతే. ఎలుగు గట్టు దాటి గుట్ట వైపు పొదల్లోకి వెళ్ళిపోయింది.

బిడ్డ నీళ్ళ సీసా తీసింది. మూతను తప్పు వైపే తిప్పుతూ ఉంది. అతనే గొడ్డలి కింద పెట్టి, సీసా అందుకుని మూత తీసిచ్చాడు.

"గింత భయముండి గా కొలువెందుకు బిడ్డా?"

బిడ్డ సగం తాగి సీసా అతనికిచ్చింది.

ఇప్పుడు నా చెరకు రోడ్డు వైపు నుంచే కొట్టిస్తాను, గుట్ట వైపుది చివరి దాకా ఉంచుతాను. పక్క పొలంలో అతనూ అంతే. ఎందుకని అడిగితే మాత్రం, అటు దిక్కు చెరకు ఆలస్యంగా పండుతుందంటాడు.