ఎల్బ్రిడ్జ్ హాస్కిన్స్ వెయ్యని ఓటు

మా ఎల్బ్రిడ్జ్ హాస్కిన్స్ కోర్టులో గొప్పగా వాదించేవాడేం కాదు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఇరవై రెండేళ్లు ఒకే గదిలో కూర్చుని ఇద్దరం వకీలు పని చేశాం కాబట్టి, ఈ మాట అనే హక్కు నాకుంది. మాటిస్తే మాత్రం తల తెగిపడినా తప్పడు. ఆ గుణమే చివరికి కొంప ముంచింది.

తిర్జా కోల్‌బర్న్ అని, కంబళ్లు నేసి ఇద్దరు పిల్లల్ని సాకే మనిషి. తాగుబోతు మొగుడు ఆమె మగ్గాన్ని అమ్ముకుని తాగేశాడు. భార్య కష్టార్జితమంతా భర్తదేనని అప్పటి చట్టం. మగ్గం కోసం ఆమె తరఫున వేసిన కేసు ఓడిపోయాం. కోర్టు మెట్ల మీద కూలబడిన ఆమెతో ఎల్బ్రిడ్జ్, "ఈ చట్టం మార్చేదాకా నిద్రపోనమ్మా, నాదీ పూచీ" అన్నాడు.

"చట్టం మార్చడానికి నువ్వేమన్నా గవర్నరువా?" అని వెక్కిరించాను.

అన్నంత పనీ చేశాడు. శాసనసభకి నెగ్గాడు, భార్య సంపాదన భార్యదేనని బిల్లు పెట్టాడు. తిర్జా ఈలోగా చెల్లెలి దగ్గర్నుంచి పాత మగ్గం తెచ్చుకుని, దాన్నయినా చట్టం కాపాడుతుందని ఎదురు చూస్తోంది.

ఆ వారమే అవతలి పక్షం సభ్యుడు బార్నబస్ వీలాక్ భార్యకి ప్రాణం మీదికొచ్చింది. "ఇంటికెళ్లి శనివారం వస్తాను. అందాకా నువ్వూ ఓటెయ్యకు, మీ వైపొకటి, మా వైపొకటి తగ్గి సరికి సరిపోతుంది" అని ఎల్బ్రిడ్జ్‌ని అడిగాడు. సభలో అది మామూలే. కాగితం ఉండదు, చెయ్యి కలిపితే చాలు. ఎవరైనా "నా బిల్లుకి తప్ప" అని ఒక్క ముక్క కలుపుకుంటారు. ఏడుస్తున్న మనిషితో బేరమేంటని మావాడు ఆ ముక్క అనకుండానే చెయ్యి కలిపాడు.

బిల్లు గురువారమే ఓటుకి వచ్చింది.

"లెయ్యవయ్యా, ఆయన నలభై మైళ్ల అవతలున్నాడు" అని పక్కవాడు మోచేత్తో పొడిచాడు. ఎల్బ్రిడ్జ్ కదల్లేదు. ఓట్లు సమానంగా వచ్చి బిల్లు వీగిపోయింది. ఆ రోజు అతన్ని అందరి ముందూ మెచ్చుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చలికాలంలో మొగుడు రెండో మగ్గాన్నీ అమ్మేసుకున్నాడు. ఇద్దరం తిర్జా ఇంటికి వెళ్లాం. ఎల్బ్రిడ్జ్ ఏదీ దాచకుండా చెప్పాడు.

"ఆయనకిచ్చిన మాట నిలబెట్టుకున్నారు. మంచిదే. నాకిచ్చింది అంతకు ముందే కదండీ, లాయరు గారూ?" అంది.

ఆ వసంతంలో పిల్లలిద్దరూ నూలు మిల్లులో చేరారు. ఎల్బ్రిడ్జ్ మళ్లీ ఎన్నికల్లో నిలబడలేదు.