నోరున్న రూపు

అక్క పోయాక బావని చేసుకోవడానికి నేను జాలిపడి ఒప్పుకున్నానని అందరూ మెచ్చుకున్నారు. జాలీ లేదు, గాడిదగుడ్డూ లేదు. కక్షతో ఒప్పుకున్నాను.

విశాఖపట్నం మీద బాంబులు పడిన ఏడాది, బెల్లం వండే రోజులని అక్కని పురిటికి పుట్టింటికి పంపలేదు. పొద్దున్న నొప్పులొస్తే సాయంత్రం దాకా మంత్రసానిని పిలవలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. ఆ సంగతి మంత్రసానే మా అమ్మ చెవిన వేసింది. పొయ్యి మీద పాకం మాడిపోతుందని అక్క అత్తే ఆపి ఉంటుందని నేను తేల్చుకున్నాను.

మాలో రెండో పెళ్ళాం పుస్తెల పక్కన, చనిపోయిన మొదటి పెళ్ళాం రూపు కట్టుకోవాలి. గోరంత బంగారు రేకు మీద ఆడమనిషి బొమ్మ. ఏం తిన్నా, కొత్త కోక కట్టినా ముందు ఆ రూపుకి పెట్టాలి. లేకపోతే పోయినావిడ ఊరుకోదని భయం.

అనకాపల్లి కంసాలి కళ్ళకి రెండు చుక్కలు కొట్టి ఇచ్చాడు. నోరు కూడా పెట్టమన్నాను.

"రూపుకి నోరు సెయ్యరమ్మా. కళ్ళు సాలు."

"మా అక్కకి కావాల."

గొణుక్కుంటూనే సన్న ఉలితో నోరు తెరిచాడు. ఏం పనితనమో, అచ్చం కేక పెట్టబోతున్న మనిషిలా ఉంది.

కాపరానికి వెళ్ళాక రోజూ మొదటి ముద్ద ఆ నోటికి అత్త చేతే పెట్టించాను. ఆవిడ మొహం తిప్పుకుని పెట్టేది. చూస్తుంటే నాకు కడుపు నిండేది.

మూడో ఏడు, కొత్త బెల్లం పెట్టమంటే అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంకెన్నేళ్ళు ఎట్టమంతావే?"

"సేసింది ఒప్పుకునేదాకా, అత్తా."

ఆవిడ కూలబడిపోయింది. "పొద్దున్నే సెప్పిందే, నొప్పులొత్తన్నాయని. మంత్రసాని కోసం నాను బయల్దేరేను. బెల్లం పెనం దిగేక యెల్దువులే అన్నాడు నీ మొగుడు. నాను ఆగిపోనాను."

బావ పక్కనే పెనం గీకుతున్నాడు. కాదనలేదు. అప్పటికి నాకు అయిదో నెల.

ఆ సాయంత్రం అత్తని లేవదీసి అన్నం పెట్టాను. మర్నాటి నుంచి మొదటి ముద్ద బావ చేత పెట్టించాను. రూపు నా మెడలోనే ఉండేది కాబట్టి ఆయన దగ్గరగా రావాలి, ఆ నోటిని చూడాలి. పిల్లలు పెద్దవాళ్ళయి, ఇంక చాలమ్మా అన్నారు. ఆయన పోయిన రోజు పొద్దున్న కూడా పెట్టించాను.