పూజ రోజు ఆగని పెట్టెలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ముక్కుకు ఒక దసరాకి గట్టి దెబ్బ తగిలింది. మరుసటి దసరాకి నేను గెలిచాను. గెలిచాను కాబట్టే రెండూ రాస్తున్నాను, ఓడిన కథ ఒక్కటే అయితే ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

చిక్కడపల్లిలో ఒక మిఠాయి దుకాణం పైన, మూడో అంతస్తులో మా ఆఫీసు. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లకు ఆన్‌లైన్‌లో మోడల్ టెస్టులు పెట్టడం మా పని. ఇలాంటి పనికి ఈ రోజుల్లో అందరూ ఎక్కడో దూరాన ఉన్న మెషీన్లను కిరాయికి తీసుకుంటారు. మా సారుకు కళ్లకు కనిపించని వస్తువు మీద నమ్మకం లేదు. అందుకని వెనక గదిలో మూడు నల్ల పెట్టెలు, వాటికొక ఏసీ పెట్టించాడు. ఆ మూడింటి బాగోగులు నావి.

విద్యార్థి ఒక జవాబు నొక్కగానే అది మా కీ-వాల్యూ స్టోర్‌లోకి వస్తుంది. పేరు పెద్దదే గానీ పని చిన్నది. హాల్‌టికెట్ నంబరు, ప్రశ్న నంబరు కలిపితే ఒక తాళంచెవి. ఆ చెవితో తీస్తే లోపల ఉండేది ఏ, బీ, సీ, డీలలో ఒక్క అక్షరం. జవాబు మారిస్తే పాత అక్షరం పోదు, కొత్తది దాని పక్కన చేరుతుంది. అదే అక్షరం మూడు పెట్టెల్లోనూ ఉంటుంది. కనీసం రెండు పెట్టెలు రాసుకున్నాయంటేనే జవాబు మాకు అందినట్టు. ఒక పెట్టె పడిపోతే మిగతా రెండూ పని నడిపిస్తాయి, పడింది లేచాక తను లేనప్పుడు వచ్చినవన్నీ వాటి దగ్గర నింపుకుంటుంది. రెండు పడిపోతే మాత్రం మూడోది ఒంటరిగా ఏమీ రాయదు.

ఈ స్టోర్‌ని నేను కంటెయినర్లలో నడుపుతాను. కంటెయినర్ అంటే పెట్టె లోపల ప్రోగ్రాం ఉండే హాస్టల్ గది అనుకోండి. గది ఖాళీ చేసి వెళ్లారంటే గోడ మీద రాసుకున్న టైంటేబుల్ సున్నంతో పోతుంది. మనతో ఉండాల్సినవి సంచిలో సర్దుకోవాలి. నేను జవాబులన్నీ గోడ మీదే రాయించాను. బయట డిస్కు మీద వేరే చోటు చూపించాలని తెలుసు, తరవాత చూద్దామనుకున్నాను. ఏ పెట్టె ఆగి మళ్లీ లేచినా నేను రాసిన చిన్న ప్రోగ్రామే పాత కంటెయినర్‌ని పారేసి కొత్తది పెట్టేది. అది ఖాళీగా లేచి మిగతా రెంటి దగ్గర అంతా నింపుకునేది. ఎప్పుడూ ఒక్కటే ఆగేది కాబట్టి నా బద్ధకం బయటపడలేదు.

ఆ ఏడు ఈ స్టోర్ మొదలైన నెలకే మహర్నవమి వచ్చింది, ఆ రోజు ఆయుధ పూజ. సారు వాళ్లమ్మగారు నారాయణగూడ నుంచి బంతిపూలు, గుమ్మడికాయ పట్టుకుని స్వయంగా మూడంతస్తులు ఎక్కి వస్తారు. ఆమె లెక్కలో ఆయుధం అంటే పని చేసే వస్తువు, పూజ అంటే ఆ రోజు దానికి విశ్రాంతి. మూడు పెట్టెలూ ఒకేసారి ఆపించారు. తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టారు. నేను కూడా చేతులు జోడించాను. హారతి అయ్యాక మూడింటినీ వెలిగించాను. మూడు కొత్త కంటెయినర్లు లేచాయి. నింపుకుందామంటే ఏ ఒక్కదాని దగ్గరా ఏమీ లేదు. నెల రోజుల జవాబులు పోయాయి.

దసరా దాటిన రెండో రోజు అశోక్ నగర్ హాస్టల్ నుంచి ఒక అమ్మాయి నడుచుకుంటూ వచ్చింది. భుజాన సంచి, చేతిలో నోటు పుస్తకం. తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"అక్కా, నేను నెలంత టెస్టులు రాసిన. నాయి యాడ పోయినయి?"

తప్పు నాదని నాకు తెలుసు. తెలుసు కాబట్టే కోపం వచ్చింది. "మోడల్ టెస్టే కదమ్మా, మళ్లీ రాసుకో" అన్నాను.

"మీకు టెస్టే అక్కా. ఇంట్ల ఎట్ల చదువుతున్నవని అడుగుతరు. నేను పెరుగుతున్ననో లేదో నాకు ఆ మార్కులు చూస్తెనే తెలుస్తది. ఇప్పుడు నాకే తెల్వదు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచి తప్పించుకునేదాన్ని. నాకు చాలా సిగ్గేసింది. "ఇంకొక్క జవాబు పోయిందంటే ఈ కుర్చీలో కూర్చోను" అన్నాను. సారు పక్కనే ఉన్నాడు, విన్నాడు. ఆయన మాటలు మరిచిపోయే రకం కాదు.

ఆ వారమే జవాబులన్నిటికీ కంటెయినర్ బయట చోటు చూపించాను. ఏడాదంతా నెలకోసారి కావాలనే ఒక్కో పెట్టెను ఆపి, లేపి, అది నిండేదాకా చూసేదాన్ని. ఎక్కడా తేడా రాలేదు. అయినా పరీక్ష అసలు రోజునే కదా.

ఆ రోజు మళ్లీ మహర్నవమి రూపంలోనే వచ్చింది. గ్రూప్స్ పరీక్ష దగ్గరపడటంతో పండగకు ఊళ్లకు పోని వాళ్ల కోసం సెంటర్లవాళ్లు ఆ రోజే గ్రాండ్ టెస్టు పెట్టారు. పొద్దున పదింటి నుంచి పన్నెండున్నర దాకా. అమ్మగారి పంతులు పెట్టిన ముహూర్తం పదిన్నర నుంచి పదకొండున్నర.

"ఈసారి పెట్టెలకు పూజ వద్దు మేడం, కుర్చీలకు బల్లలకు చేద్దాం" అన్నాడు సారు నాతో.

అమ్మగారు కొబ్బరికాయ కింద పెట్టారు. "ఏందిరా? తప్పు ఆమె చేస్తె పూజను బంద్ పెడ్తరా?"

పెద్దావిడ మాట సూటిగా తగిలింది. సారు నా వైపు చూశాడు. నాకు పౌరుషం వచ్చింది.

"చేద్దాం సార్. టెస్టు నడుస్తుండగానే చేద్దాం. ఒకదాని తరవాత ఒకటి."

"పోతే?"

"పోతే నా కుర్చీ మీకే."

పదీ నలభైకి మొదటి పెట్టె ఆపాను. అశోక్ నగర్ రీడింగ్ రూముల్లో వందల వేళ్లు నొక్కుతూనే ఉన్నాయి, తెర మీద జవాబులు పారుతూనే ఉన్నాయి. అమ్మగారు తడిబట్టతో తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. వెలిగించాను. రెండు నిమిషాల్లో నింపుకుంది. సారు రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. నేను నవ్వాను.

రెండోది ఆపాను. దానికీ తుడవడం, బొట్టు, దండ అయ్యాయి. నేను దాని వెనక తీగలు సర్దుతుంటే పక్కన గాజుల చప్పుడైంది. తల ఎత్తి చూస్తే అమ్మగారి చెయ్యి మూడో పెట్టె మీట మీద ఉంది. టైం మిగలదేమోనని ఆమె తొందర.

"అమ్మా! చెయ్యి తీయండి!"

వాళ్లింట్లోనే ఆమెతో అట్లా మాట్లాడినవాళ్లు ఎవరూ లేరు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. "అది కూడా ఆగితే ఒక్కటే మిగుల్తదమ్మా. ఒక్కటే ఉంటే ఎవరి జవాబూ ఎక్కదు. మొదలు ఈ రెండోది లేవాలె, నిండాలె, తరవాత దాన్ని ముట్టాలె."

ఆమె చెయ్యి తీసి కొంగుకు తుడుచుకున్నారు. తిడతారనుకున్నాను. కాసేపు మూడు పెట్టెలనూ మార్చి మార్చి చూశారు.

"అఖండ దీపానికి ఒత్తి మార్చినట్టన్న మాట. కొత్త ఒత్తి అంటుకున్నంకనే పాతది తీస్తం."

ఆమె ఇంట్లో నవరాత్రుల తొమ్మిది రోజులూ ఆ దీపం ఆరదు. నేను ఏడాదిగా సారుకు బల్ల మీద బొమ్మలు గీసి చెప్పింది ఆమెకు ఒక్క ముక్కలో అర్థమైంది. "అదేనమ్మా" అన్నాను. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

రెండో పెట్టెను వెలిగించాను. అది పాతది, లేవగానే డిస్కంతా తనిఖీ చేసుకుంటుంది. ముహూర్తం ఇంకా ఏడు నిమిషాలుంది. తరవాత ఐదు. తెర మీద నింపుకునే గీత నత్తలా కదులుతోంది. సారు గడియారం చూశాడు. "మేడం, దాదాపు అయినట్టే కదా" అన్నాడు. దాదాపు అయినట్టే. నా పాత బుద్ధి మేలుకుంది. కొసరు తరవాత నింపుకుంటుందిలే అనుకుని మూడో పెట్టె మీట మీద నేనే చెయ్యి వేశాను.

అమ్మగారు నా మణికట్టు పట్టుకున్నారు.

"జర ఆగు బిడ్డా. నిండిందా?"

"ఇంకొంచెం ఉందమ్మా. ముహూర్తం..."

"ముహూర్తం పోతె పోనీ. నిండనీయ్."

గీత చివరికంటా వెళ్లేసరికి ముహూర్తం దాటి నాలుగు నిమిషాలైంది. పంతులు పెట్టిన టైం దాటించి ఆమె పూజ చేయడం పుట్టాక చూడలేదన్నాడు సారు. అప్పుడు మూడోది ఆపాం. ఆమె తీరుబడిగా తుడిచి, మిగిలిన దండ వేసి, అది లేచి నిండాకే హారతి ఇచ్చారు. పన్నెండున్నరకు టెస్టు ముగిసింది. సెంటర్ల దగ్గర ఎన్ని జవాబులు బయల్దేరాయో, మా దగ్గర ఎన్ని చేరాయో పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒక్కటే. ఒకసారి కాదు, మూడుసార్లు చూశాను. తరవాత మెట్ల మీదికి వెళ్లి, కింది మిఠాయి దుకాణంవాళ్లకు కూడా వినిపించేట్టు ఈల వేశాను. నాకు ఈల వచ్చని మా ఆఫీసులో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఒంటిగంటకు ఆ అమ్మాయి వచ్చింది. నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. నా కుర్చీ జరిపి కూర్చోమన్నాను. ఆమె మొహమాటపడింది, నేను వినలేదు.

"ఇవాళ డెబ్బై ఒకటో ప్రశ్నకు మూడుసార్లు నొక్కినవ్. బీ పెట్టి, డీ పెట్టి, మళ్లా బీ పెట్టినవ్. చూడు, మూడూ ఉన్నయి. అప్పుడు మా రెండో పెట్టె బొట్టు పెట్టించుకుంటున్నది."

ఆమె నవ్వింది. "పోయిన నెలది గూడ ఉందా అక్కా?"

"పోయిన దసరా అయిన మర్నాటి నుంచి ఉన్నయి. అన్నీ."

నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, మౌస్ పట్టుకుని అన్నిటికంటే కింద ఉన్న మొదటి టెస్టు దగ్గరకు వెళ్లింది. అక్కడి నుంచి ఒక్కో టెస్టు మార్కులు చదువుతూ మెల్లగా పైకి వచ్చింది. మధ్యలో రెండు చోట్ల తగ్గాయి, అక్కడ ఆగి ఏవో గుర్తు చేసుకుంది. అమ్మగారు కొబ్బరి ముక్క, బెల్లం తెచ్చి ఆమె పక్కన పెట్టి నిలబడ్డారు. ఆఖరికి ఆ రోజు టెస్టు దగ్గరకు వచ్చి ఆ అమ్మాయి వేలు తెర మీద పెట్టింది.

"పెరిగిన గదా అక్కా?"

"పెరిగినవ్" అన్నాను. ఆమె లేచాక నా కుర్చీలో నేను కూర్చున్నాను.