మూత పెట్టిన గ్లాసు

నిజాంపేట హాస్టళ్ళ సందులో కర్రీ పాయింట్ నడిపే భూలక్ష్మి పొద్దున్నే మందు కొడుతుందని ఒక మాట తిరుగుతోంది. మాట ముద్దగా వస్తోందట, చేతిలో గరిటె నిలవడం లేదట, పైగా రోజూ మూత పెట్టిన గ్లాసొకటి పై వాటా నుంచి ఆమె గుమ్మంలోకి దిగుతోందట. గ్లాసు దిగడం నిజమే. అందులో ఉండేది తిప్పతీగ కషాయం. తెచ్చేది పై వాటా పుణ్యవతి.

భూలక్ష్మి పుట్టింది శేరిలింగంపల్లిలో. అద్దాల మేడలు లేవకముందు వాళ్ళ నాన్న అక్కడే జొన్న వేసేవాడు. ఆమె పప్పుచారు కవర్లో పోసి, గాలి నింపి, రబ్బరు బ్యాండు తిప్పి ఇచ్చిందంటే బైకు మీద గచ్చిబౌలి దాకా పోయినా చుక్క కారేది కాదు. ఆ బ్యాండు వేళ్ళకు లొంగకపోవడంతోనే జబ్బు బయటపడింది. కండరాలను కదిలించే నరాలు మెల్లగా చచ్చుబడే జబ్బు. డాక్టర్లు మోటార్ న్యూరాన్ జబ్బంటారు.

కరోనా వచ్చిన ఏడాది నుంచి పుణ్యవతికి తిప్పతీగ మీద గురి. ఒంట్లో రోగనిరోధక శక్తి ఉంటే ఏ జబ్బయినా తోక ముడుస్తుందని ఆమె నమ్మకం. రోజూ కాచి తెచ్చి, గ్లాసు అక్కడ పెట్టి, పనిలో పనిగా భూలక్ష్మి గ్యాస్ పొయ్యి వెలిగించి పోయేది.

మొన్న తోడుగా ఆసుపత్రికి వెళ్ళి, ఊరుకోలేక డాక్టరమ్మను అడిగింది. "ఈవిడకి శక్తి పెరగడానికి ఇంకేం పెట్టమంటారండీ?"

"ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి కదమ్మా. ఈ జబ్బులో మొదట అవి నరాలను కాపాడతాయి. పోనుపోను అవే మంట రేపుతాయి. అసలు జబ్బుకు మూలం అదేనా అంటే, ఇంకా తేలలేదు. వాటిని ఎగదోస్తే మేలని మాత్రం చెప్పలేం. కషాయాలవీ ఇస్తుంటే ఆపండి."

తిరిగొచ్చే ఆటోలో పుణ్యవతి పక్కకు చూడలేకపోయింది. ఇంటికొచ్చినా నిలకడ లేదు. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. డాబా మీద పెంచుతున్న తిప్పతీగను పీకబోయి వదిలేసింది. అగ్నికి ఆజ్యం పోసింది తనేనా? మెట్లు దిగింది, ఎక్కింది, మళ్ళీ దిగింది.

భూలక్ష్మి చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. "ఏందక్కా, డాక్టరమ్మ జెప్పిందని గ్లాసు లేకుంట వచ్చినవా?"

"ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. నా కషాయం వల్లే నీకు ఎక్కువైందా?"

భూలక్ష్మి మాట కూడదీసుకుంది.

"నేను తాగితె గద అక్కా. నీళ్ళసొంటిది గొంతుల దిగుతలేదు, పొలమారుతది. నువ్వు మెట్లెక్కంగనే కరివేపాకు కుండీల పోస్తున్న. వద్దంటె నువ్వు రావుడు బంద్ జేస్తవని చెప్పలే. ఆ పొయ్యి తిప్పెతందుకు ఇగ నా వేళ్ళు వస్తలేవు. రేపు ఉత్త చేతులతోనే రా."