యాదమ్మ భర్త తాగుబోతు కాదు

ఫిల్మ్‌నగర్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ సిబ్బందికి ఏఐ వాడకం నేర్పుతున్నాను. అక్కడ కుట్టుపని నేర్చుకున్న బోరబండ యాదమ్మ గురించి ఉద్యోగిని స్వరూప ఈరోజు దాతల కోసం ఏఐతో ఒక కథనం రాయించింది. పంపేముందు యాదమ్మకే చదివి వినిపించమన్నాను. "తాగొచ్చి రోజూ కొట్టే భర్త" అన్నచోట ఆమె ఆపింది.

"గిది ఎవరు చెప్పిండ్రమ్మా? మా ఆయన మందు ముట్టలే, నా మీద చెయ్యెత్తలే. ఆయన పోయి ఏడాది గూడ కాలే, గిట్ల రాస్తరా?"

యాదమ్మ వెళ్లాక, ఏఐ కల్పించిన ఆ వాక్యాన్ని స్వరూప తీసేయబోతే సంస్థ నడిపే మేడమ్ వద్దన్నారు.

"ఉండనివ్వండి. దాతలు కరిగేది అక్కడే. కావాలంటే ఆవిడ పేరు మార్చేద్దాం."

పేరు మార్చి సాయంత్రమే పంపేశారు. యాదమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను కూడా. ఏఐ అబద్ధాన్ని పట్టుకోవడం నేర్పాను. తెలిసీ దాన్ని పంపేవాళ్లకు ఏం నేర్పాలో మీకు తోస్తే చెప్పండి.