కొండదారిలో కనిపించిన వెంట్రుకల మనిషి

పోయిన శుక్రవారం కరివేపాకు, మునక్కాయలు కొనుక్కుందామని మస్కట్టులో మేముండే బౌషర్ నుంచి రూవి బజారుకు బస్సులో వెళ్తుంటే, పక్క సీటులో కూర్చున్న గోదావరి జిల్లా అమ్మాయి నవ్వుతూ తన ఫోను నా ముందు పెట్టింది. ఏ దేశమో తెలియదు, రెండువైపులా దట్టమైన అడవి, మధ్యలో తారురోడ్డు, ఆ రోడ్డును నాలుగంగల్లో దాటిపోతున్న నిలువెత్తు ఆకారం, దాని ఒళ్ళంతా వెంట్రుకలు. ఇలాంటివి నిజంగా ఉంటాయా పిన్నీ అని ఆ పిల్ల అడిగితే, కూర్చున్నచోట కూర్చుని చెప్పలేమమ్మా, నేనొకసారి వెతుక్కుంటూ పోయాను అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. ఇంతలో రూవి వచ్చింది, తన దారిన తాను దిగిపోయింది. నాకు మాత్రం ఆ పూటంతా పాత కొండదారే కళ్ళలో మెదులుతూ ఉంది. నాలాగే ఆ రోజుల్లో ఊరుగాని ఊరొచ్చి, పరాయి వంటింట్లో సగం వయసు గడిపిన నా ఈడువాళ్ళయితే నమ్ముతారు గదా అనిపించి, ఇది రాస్తున్నాను.

పాతికేళ్ళ పైమాట. రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చి, సలాలాలో ఒక పెద్ద ఇంట్లో వంటకు కుదిరి అప్పటికి మూడో ఏడు. ఒమన్‌లో అడవేమిటని అడిగేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. మస్కట్టులో జనం ఎండకు మాడిపోయే నెలల్లోనే సలాలా కొండల మీద సన్నని తుంపర మొదలవుతుంది. మనం పంటకు చెప్పుకునే ఖరీఫ్ అన్న మాటనే వాళ్ళు ఆ కాలానికి చెబుతారు. రాళ్ళు తప్ప మరేమీ లేని కొండలు పది రోజుల్లో పచ్చబడిపోతాయి, చెట్లు చిక్కబడి అడవిలా కమ్ముకుంటాయి, పొగమంచు ఎంతగా దిగుతుందంటే మిట్టమధ్యాహ్నం కూడా బండ్లు లైట్లు వేసుకుని నడవాలి.

ఆ ఏడు ఆ మంచులోనే అది కనిపించింది. మొదట చూసినవాడు కూరగాయల వ్యాను నడిపే మలయాళీ. కొండదారి మూడో మలుపు దగ్గర, మనిషికి ఒకటిన్నర ఎత్తున్న నల్లటి జంతువు రెండు కాళ్ళ మీద నిలబడి తనవైపు తిరిగిందనీ, దానికి మెడ లేదనీ, భుజాల మీదనే కొండలాంటి తల ఉందనీ చెప్పాడు. భయంతో బండిని గట్టుకు కొట్టి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత రోడ్డు కంపెనీ కూలీలు దాని అరుపు విన్నామని, ఆ మలుపు దగ్గర డ్యూటీ చేయబోమని కూర్చున్నారు. అప్పుడు కొంచెం తక్కువ నవ్వారు. చివరికి మా ఇంటి యజమాని, మేం బాబా అని పిలిచే ఆ పెద్దమనిషి, చదువుకున్నవాడు, ఆఫీసులో పదిమందికి చెప్పేవాడు, ఒక సాయంత్రం నాలుగింటికి తానూ దాన్ని చూసి పాలిపోయిన ముఖంతో ఇంటికొచ్చి, నేను పోసిన చాయ్ తాగకుండా గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఎవరూ నవ్వలేదు. శుక్రవారం నమాజు కాగానే నాలుగు బండ్లలో తుపాకులతో వెళ్ళి దాని సంగతి తేల్చాలని చుట్టుపక్కల మగవాళ్ళంతా నిర్ణయించుకున్నారు.

ఆ ఇంట్లో అందరికంటే పెద్దది బాబా తల్లి. పిల్లలు పిలిచినట్టే నేనూ ఆమెను జద్దా అనేదాన్ని, అంటే నాయనమ్మ. కొండల్లో పుట్టి పెరిగిన మనిషి. ఆమె కొండభాష మనవళ్ళకే సగం అర్థమయ్యేది కాదు. నాతో మాత్రం నా వంటింటి అరబ్బీ, ఆమె చేతి సైగలు, ఇద్దరికీ వచ్చిన నాలుగు హిందీ ముక్కలు కలిపి రోజంతా కబుర్లే. మంగళవారం నాడు నేను బియ్యం ఏరుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుని, దాన్ని చూసినవాళ్ళలో ఒక్కడైనా దగ్గరికి వెళ్ళాడా అని అడిగింది. లేదన్నాను. అయితే మనమే వెళ్దాం, రేపు పొద్దున, నా కొడుకు ఆఫీసుకు పోగానే అంది. నాకు చేతిలో చేట జారినంత పనైంది. భయం వేయలేదని చెప్పను గానీ, మూడేళ్ళుగా వంటిల్లు, డాబా, వంటిల్లు తప్ప ఎరగని నాకు ఆ మాటతో ఒళ్ళంతా ఏదో పాకినట్టయింది. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు.

బుధవారం ఎనిమిదింటికి బయలుదేరాం. కొండ మీదున్న జద్దా చెల్లెలిని చూడబోతున్నామని ఇంట్లో చెప్పాం. బండి నడిపేది జగిత్యాల వైపు మనిషి, నన్ను అక్కా అనేవాడు. ఎక్కడికి వెళ్తున్నామో సగం దారిలో చెప్పాం. అప్పటినుంచి ప్రతి మలుపుకూ ఆంజనేయస్వామిని తలుచుకుంటూ స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నాడు. జద్దా ముందు సీటులో తన కర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, ఎప్పుడూ చెప్పని ఒక సంగతి ఆ దారిలోనే చెప్పింది. తన చిన్నప్పుడు ఇలాంటి మంచులోనే ఎవరో చిరుతపులి అనుకుని కాల్చారట. ఆ తూటాకు పోయింది ఆమె అన్న. కాల్చినవాడు కూడా సొంత మనిషేనట. ఆ మాట చెప్పి, కర్ర మీద బొటనవేలితో రుద్దుకుంటూ అద్దంలోంచి మంచులోకి చూస్తూ కూర్చుంది. నాకప్పుడు తెలిసింది, మేం వెళ్తున్నది వింత చూడడానికి కాదని.

మూడో మలుపు దగ్గర బండి దిగితే పదడుగుల అవతల ఏమీ కనబడలేదు. ఆకుల మీంచి నీళ్ళు రాలే చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. డ్రైవరు బండి తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

“అక్కా, నేను గీ బండి కాడనే ఉంట. ఏమన్నయితే గట్టిగ ఒర్రుండ్రి, స్టార్టు చేసి పెట్టుకుంట.”

జద్దా చెప్పులు విప్పి బండిలో పడేసి, బురదలోకి వట్టి కాళ్ళతో దిగింది. నేనూ కొంగు నడుముకు దోపుకుని వెనకే దిగాను. ముప్పై అడుగులు పోయామో లేదో, జద్దా కర్రతో నేలను చూపించింది. అడుగులు. ఒక్కొక్కటి అన్నం పళ్ళెమంత ఉంది. వేళ్ళు లేవు, మడమ లేదు, గుండ్రంగా బురదలో లోతుగా దిగి, వాలు కిందికి వెళ్తున్నాయి. వెనక్కి పోదామా అని జద్దా ముసుగు కొంగు పట్టుకుంటే, ఆమె వంగి ఒక అడుగులో చెయ్యి పెట్టి చూసి, దీనికి గోళ్ళు లేవు, గోళ్ళు లేనిదానికి భయపడతావా అని ముందుకే నడిచింది.

కొంచెం కిందికి దిగాక ముళ్ళకంపకు చిక్కుకుని నల్లటి వెంట్రుకల కుచ్చు ఒకటి వేలాడుతోంది. జద్దా దాన్ని తెంపి చూసి, మేక కాదు, ఒంటె కాదు, పశువు కాదు, ఇది నేను ఎరగనిది అంది. మొట్టమొదటిసారి ఆమె గొంతులో నాకు భయం వినిపించింది. ఆ కుచ్చు నా చేతిలో పెట్టింది. దాన్ని వేళ్ళ మధ్య నలిపాను. నలిపేసరికి నా వేళ్ళకు నాకంటే ముందే తెలిసిపోయింది. అది పురి తిరిగి ఉంది. జంతువు ఒంటి మీద ఏ వెంట్రుకా పురి తిరిగి ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన గొర్రె ఉన్ని వాసన. మా నాయన గొర్రెలు మేపినవాడు. వానలో ఆయన కప్పుకునే కంబళిది అచ్చం ఇదే వాసన. చింతగింజల గంజి పట్టించి, ఆరేసి, బిరుసెక్కించిన నల్లకంబళి. దాన్ని నెత్తి మీదికి కొప్పెర వేసుకుంటే ఎంత వానకూ చుక్క దిగదు. ఒమన్ కొండల్లో మా నాయన కంబళి దారం! నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను. ఇది మనిషి వడికిన ఉన్ని జద్దా, మా దేశపు ఉన్ని అని ఎలా చెప్పానో, ఏ భాషలో చెప్పానో గుర్తులేదు.

సరిగ్గా అప్పుడే కింద లోయలోంచి అరుపు వినిపించింది. రోడ్డు కూలీలు బెదిరిపోయింది దానికే అయ్యుంటుంది. సాగదీసిన గొంతు మంచులో తగిలి తగిలి వస్తుంటే ఏ మృగమో మూలిగినట్టే ఉంది. కానీ నాకు అందులో అక్షరాలు వినబడ్డాయి. “ఓ... దా... దా... దా...” పశువులను ఇంటికి పిలిచే పిలుపు! నేనింక ఆగలేదు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, నా గొంతులో ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

“ఎవురు నాయనా అది? మనిషివైతే పలుకు!”

అరుపు ఆగిపోయింది. ఆకుల మీంచి నీళ్ళు రాలుతున్నాయి. అప్పుడు మంచులోంచి, వణుకుతూ, నమ్మలేనట్టు ఒక గొంతు వచ్చింది.

“ఎవలవ్వా మీరు? తెలుగోల్లా?”

నేను జవాబు చెప్పేలోపే నా పక్కనుంచి ఎవరో రాళ్ళు దొర్లించుకుంటూ పరుగెత్తారు. మా డ్రైవరు! బండి దగ్గరే ఉంటానన్నవాడు నా కేక విని వచ్చాడట. ఆ గొంతులో తన ఊరి మాట వినబడగానే జంతువూ లేదు, ఆంజనేయస్వామీ లేడు, “ఏ ఊరు తమ్మీ? ఏ ఊరు నీది?” అంటూ లోయలోకి పడుతూ లేస్తూ పోయాడు. మేం దిగేసరికి ఇద్దరూ ఒకరి భుజాలొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. ముప్పై ఏళ్ళు దాటని సన్నటి మనిషి. నెత్తి నుంచి మోకాళ్ళ దాకా నల్లకంబళి, జారకుండా కాళ్ళకు చుట్టుకున్న గోనెపట్టాలు, మెడ మీద ఆ పొద్దునే పుట్టిన లేగదూడ; మంద వెంట నడవలేని ప్రతి దూడనూ అలాగే మోసుకు తిరిగేవాడట. అదీ మా మెడలేని, కొండలాంటి తల ఉన్న జంతువు.

ఊళ్ళు కలిపి చూసుకుంటే డ్రైవరు ఊరికి, అతని ఊరికి మధ్య ఒక్క వాగే అడ్డం. గొర్రెలు కాసే ఇంటివాడు. పశువులు చూసుకునే పనికి వచ్చాడు. పనిలో పెట్టుకున్న యజమాని జబ్బుచేసి వైద్యానికి వేరే దేశం వెళ్ళి ఇంకా రాలేదు. పదిరోజులకొకసారి ఒక పికప్పు వచ్చి పిండి, పప్పు రోడ్డు పక్కన దించేసి ఆగకుండా పోతుంది. బతాకా, అంటే ఈ దేశంలో ఉండడానికిచ్చే కార్డు, దాని గడువు తీరిపోయింది. అందుకే బండి లైట్లు పడితే పట్టుకుపోతారని వాలు కిందికి పారిపోయేవాడు. ఏడు నెలలుగా పశువులతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఆ పికప్పు మనిషి ఒకసారి కిటికీలోంచే చేతులు చాచి సైగలతో ఈ చుట్టుపక్కల ఏదో పెద్ద జంతువు తిరుగుతోందని చెబితే, ఇతను కూడా భయపడి కొడవలి పక్కన పెట్టుకుని పడుకుంటున్నాడట. అది నువ్వేరా నాయనా అని చెబితే అతను కాసేపు అర్థంకానట్టు చూసి, తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కూలబడి ఏడ్చాడు.

ఆకలిగా ఉందా, నీ కాగితాలెక్కడ, ఎవరికైనా కబురు చెయ్యాలా అని నేను ఒకదాని మీద ఒకటి అడుగుతుంటే, అన్నిటికీ తలూపి ఒక్కటే అన్నాడు.

“అవన్ని తర్వాతవ్వా. ఏదన్న మాట్లాడుండ్రి. ఊకె మాట్లాడుండ్రి, నేను ఇనుకుంట కూసుంట.”

మేం మాట్లాడాం. వర్షాల గురించి, పచ్చడి పెట్టే విధానం గురించి, జగిత్యాల బస్టాండు గురించి, నోటికేది వస్తే అది. జద్దాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ దూడను ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడుస్తూ, కదలకుండా గంటసేపు కూర్చుంది.

ఆ రోజే అతన్ని ఇంటికి తీసుకువెళ్దామంటే పశువులను వదిలి రానన్నాడు. జద్దా తన చెల్లెలి కొడుకును మందకు కాపలా పెట్టించి, శుక్రవారం పొద్దునే అతన్ని రప్పించింది. నమాజు కాగానే మగవాళ్ళంతా తుపాకులతో మా ముంగిట్లోకి వచ్చేసరికి, పెద్ద చాప నడుమ, పెద్దవాళ్ళు కూర్చునే చోట, నల్లకంబళి కొప్పెర వేసుకుని అతను కూర్చుని ఉన్నాడు. అలా కప్పుకుని కూర్చోమన్నది జద్దానే. గుమ్మంలో అడుగుపెట్టిన వాళ్ళు పెట్టినట్టే ఆగిపోయారు. జద్దా కర్ర నేలకు కొట్టి, “ఇదిగో మీ జంతువు. ముందు దానికి చాయ్ పోయండి, తర్వాత కాల్చుకోండి” అంది. బాబానే ముందుకొచ్చి, తుపాకిని గోడకు ఆనించి, తన చేత్తో గ్లాసు నింపి అతనికి అందించాడు. తర్వాత ఒక్కొక్కరే తుపాకులు గోడ వారన పెట్టి చాప మీద చేరారు. ఆ మధ్యాహ్నం నేను వండినంత అన్నం ఆ ఇంట్లో మళ్ళీ ఎప్పుడూ వండలేదు.

జద్దా అంతటితో వదల్లేదు. ఆ యజమాని తమ్ముళ్ళను పిలిపించి కొండభాషలో ఏమేం తిట్టిందో గానీ, వాళ్ళు తలెత్తలేదు. బాబా స్వయంగా ఆఫీసుల చుట్టూ తిరిగి బతాకా సరిచేయించాడు. రెండు నెలల తర్వాత అతను సెలవు మీద ఇంటికి పోయాడు. పోయేముందు నాకు, జద్దాకు కాళ్ళకు దండం పెట్టబోతే జద్దా కర్ర అడ్డం పెట్టింది. మళ్ళీ రాలేదు. ఊళ్ళోనే గొర్రెలు పెంచుకుంటున్నాడని డ్రైవరు చెప్పేవాడు.

జద్దా పోయి పన్నెండేళ్ళు. నేను ఇప్పుడు బౌషర్‌లో ఆమె మనవరాలి ఇంట్లో ఉన్నాను. పోయిన ఖరీఫ్‌కు వాళ్ళతో మళ్ళీ ఆ కొండల మీదికి వెళ్ళాను. రోడ్డు రెండింతలైంది, ఇనుప కడ్డీలు వేశారు, మూడో మలుపు దగ్గర కాఫీ అమ్మే బండ్లు, మంచులో ఫొటోలు దిగే జనం. ఆ జనానికి కొంచెం ఎడంగా, వాలు అంచున, పశువులను తోలుతూ ఒక కుర్రవాడు కనిపించాడు. నడక చూస్తే మనవాడే అనిపించింది. కారు దిగి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, ఏ ఊరు నాయనా అన్న మాట నాలుక మీద సిద్ధంగా పెట్టుకుని పరుగులాంటి నడకతో పోయాను. దగ్గరకు పోయేసరికి అతను ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకుని, ఇంటివాళ్ళతో తెలుగులోనే నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆ ఫోనులోంచి ఒక పసిపిల్ల గొంతు కూడా వినిపించింది. నన్ను చూసి మర్యాదగా ఒక పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. మంచిదే, ఎంతో మంచి రోజులు, ఎవరూ ఏడు నెలలు మాట లేకుండా ఉండక్కర్లేదు. నేను కాసేపు ఆ మంచులో నిలబడి, అడగవలసిన ఆ ఒక్క మాటా అడగకుండానే కారెక్కాను.