సత్తిబాబు గారి వెనక

చనిపోయినవాళ్ళు తిరిగి వస్తారని నేను ఏనాడూ నమ్మలేదు. ఈ మాట ముందే చెప్పాలి. నేను పుట్టింది క్రైస్తవ సంఘంలో, పెరిగింది సంఘంలో. మా తాతగారు, నాన్నగారు ఇద్దరూ సంఘ పెద్దలుగా చేశారు. నేను మండపేటలో బడిలో పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారాలు పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి. సాతాను ఉన్నాడని నమ్ముతాను. దేవదూతలు ఉన్నారని నమ్ముతాను. కానీ పోయిన మనిషి ప్రభువు పిలిచేదాకా నిద్రలో ఉంటాడనీ, మధ్యలో లేచి రోడ్ల మీదికి రాడనీ నాకు నేర్పారు. నేనూ పిల్లలకు అదే నేర్పాను.

మా వైపు సైకిళ్ళ మీద తిరిగేవాళ్ళు ఒక కథ చెబుతారు. చీకటి పడ్డాక శ్మశానం పక్కనుంచి వెళితే వెనక ఎవరో ఎక్కి కూర్చున్నట్టు బరువు పడుతుందట. ఎంత తొక్కినా సైకిలు కదలదట. బడిలో పిల్లలు అడిగితే నవ్వేసేవాణ్ణి. నాకు జరిగింది అలాంటిది కాదు. పట్టపగలు జరిగింది. బరువు పడలేదు, ఉన్న బరువు పోయింది.

ఇది తొంభైల చివరి సంగతి. రాజమండ్రిలో మా సంఘాలన్నీ కలిసి చూపులేని ఆడపిల్లల కోసం ఒక హాస్టలు నడిపేవి. దాని పైకప్పు పెచ్చులు ఊడిపోతోంది. వానాకాలం లోపు కొత్త కప్పు వెయ్యకపోతే పిల్లల్ని ఇళ్ళకు పంపేయాల్సిందేనని చూసిన ఇంజినీరు చెప్పాడు. అందుకని చందాల కోసం రాజమండ్రి నుంచి విశాఖపట్నం దాకా సైకిలు యాత్ర పెట్టారు. ఎంత దూరం తొక్కితే అంత చందా.

షరతు ఒక్కటే. ముగ్గురేసి జట్టుగా రావాలి. హైవే మీద లారీలు ఎక్కువ. ఒకరు పడితే ఒకరు దగ్గర కూర్చోవాలి, ఇంకొకరు సాయానికి వెళ్ళాలి. ఇద్దరిని పంపం, ఒక్కరిని అసలే పంపం అన్నారు పాస్టరు గారు.

ఆరాధన అయ్యాక నేను లేచి, నాతో సాధనకు ఎవరు వస్తారని అడిగాను. యువకులు చాలామంది చేతులెత్తారు. మర్నాడు పొద్దున్నే చర్చి ముందు సైకిలు పట్టుకుని నుంచుంటే వచ్చినవాడు మా బావమరిది డేవిడ్ రాజు ఒక్కడే. వాణ్ణి కూడా మా ఆవిడే లేపి పంపించింది. చేతులెత్తినవాళ్ళు తర్వాత రెండు మూడు జట్లుగా తయారయ్యారు గానీ మా ఇద్దరితో ఎవరూ కలవలేదు. మేష్టారితో తొక్కితే దారంతా వాక్యాలు అప్పజెప్పమంటారని భయమేమో అన్నాడు డేవిడ్ రాజు.

మూడో మనిషి సంఘంలో దొరకలేదు. బయట దొరికారు. సత్తిబాబు గారు ద్వారపూడికీ మండపేటకీ మధ్య, కాలవ రోడ్డు పక్కనే ఇల్లున్న రైతు. హిందువులు. ఆయన కూతురు మంగ ఆ హాస్టల్లోనే ఉండి వేళ్ళతో తడిమి చదవడం నేర్చుకుంటోంది. హాస్టలు మూసేస్తే ఆ పిల్ల ఇంట్లో గోడకానుకుని కూర్చోవడమేనని ఆయనే నాతో అన్నారు. కూతుర్ని చూడడానికి వెళ్ళినప్పుడు యాత్ర సంగతి విని నేరుగా మా బడికి వచ్చారు.

మా వాళ్ళలో కొందరు గొణిగారు. సంఘం పేరు మీద వెళ్ళే జట్టులో విశ్వాసి కానివాడు ఏంటన్నారు. ఆ మాట ఆయన చెవిన పడనే పడింది.

"మీ దేవుడికి నా సైకిలు అడ్డం కాకపోతే, నాకు మీ దేవుడు అడ్డం కాదండి మేష్టారూ" అన్నారు. పాస్టరు గారు నవ్వి సరేనన్నారు.

ఆయన భారీ మనిషి. మేము బయల్దేరేముందు ప్రార్థన చేస్తుంటే చెప్పులు విడిచి పక్కన నుంచునేవారు. మేము ఆమెన్ అన్నాక ఆయన సైకిలు హేండిలుకు చేయి తాకించి కళ్ళకద్దుకునేవారు. అంతే, ఎవరి పద్ధతి వాళ్ళది.

సెలవు రోజుల్లో ధవళేశ్వరం దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. వెళ్ళేటప్పుడు ఇబ్బంది లేదు. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. మండపేట వైపు తిరిగి వచ్చేటప్పుడు అది ముఖానికి ఎదురు. గేర్లు లేని మామూలు నల్ల సైకిళ్ళు మావి. అందుకని ఒకరి వెనక ఒకరం తొక్కేవాళ్ళం. ముందున్నవాడు గాలికి ఎదురు వెళతాడు, వెనకవాళ్ళకు అది తగలదు. ముందున్నవాడు అలిసిపోతే పక్కకు తప్పుకుని వెనక్కి రావాలి, రెండోవాడు ముందుకెళ్ళాలి. సత్తిబాబు గారు మాత్రం తప్పుకునేవారు కాదు.

"ఇంత ఒళ్ళు పెంచింది ఎందుకనుకున్నారు? నా ఎనకాల దాక్కుని రండి ఇద్దరూ" అనేవారు.

గాలితో పాటు నుసి ఒకటి ఉండేది. మండపేట రైసు మిల్లుల బాయిలర్లలో ఊక కాలుస్తారు. ఆ నల్లటి నుసి గాలికి కొట్టుకొచ్చి కళ్ళల్లో పడేది. ముందున్నవాడి చొక్కా గుండెల మీదంతా నల్లచుక్కలు అయ్యేవి. వెనకున్న మాకు భుజాల మీద నాలుగు పడితే ఎక్కువ.

యాత్ర ఇంక కొద్ది వారాలుందనగా ఆయన పోయారు. పొలం నుంచి వచ్చి మంచినీళ్ళు అడిగి, అరుగు మీద కూర్చుని, గ్లాసు వచ్చేలోపు పక్కకు ఒరిగిపోయారు. గుండె అన్నారు.

మేమిద్దరం వెళ్ళాం. ఆయన్ని చూసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. సైకిలు గోడకు ఆనించి ఉంది, వెనక టైరులో గాలి తగ్గింది, కొట్టాలి అనుకున్నాను. ఆయన భార్య వరలక్ష్మి గారు నా దగ్గరకు వచ్చి, మీరు ప్రార్థన చేస్తారు కదా అన్నయ్యగారూ, ఆయన కోసం కూడా చెయ్యండి అని అడిగారు. పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యడం మా బోధలో లేదు. ఆ ఇంట్లో నుంచుని ఆ మాట ఎలా చెప్పను? తల ఊపి వచ్చేశాను. విశ్వాసం లేకుండా పోయిన మనిషి, తీర్పు రోజున లేచాక, ఎక్కడికి వెళతాడని మా సంఘంలో చెబుతారో నాకు బాగా తెలుసు. ఎన్నోసార్లు నేనే చెప్పాను. ఆ రాత్రి దాని గురించి ఆలోచించబోయాను గానీ మనసు కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిచ్చినా తెలియదు చూడండి, అలా ఉంది.

యాత్ర మానేద్దామా అని డేవిడ్ రాజు అడిగాడు. మానేస్తే ఆయన పడిన శ్రమ ఏమవుతుంది, ఆ పిల్ల ఏమవుతుంది అన్నాను. మళ్ళీ మూడో మనిషి కోసం తిరగడం మొదలుపెట్టాం. మిల్లులో పనిచేసే కుర్రాడొకడు వారం వచ్చాడు, తర్వాత వాడికి డ్యూటీ మారింది. కాలేజీ అబ్బాయి ఒకడు పరీక్షలన్నాడు. పోస్టాఫీసులో పనిచేసే ఒకాయన ధవళేశ్వరం దాకా వచ్చి, సైకిలు బస్సు మీద కట్టించుకుని వెనక్కి వెళ్ళిపోయారు.

అన్ని జట్లకూ కలిపి ఒక శనివారం పరీక్షగా పెట్టారు. మండపేట నుంచి ధవళేశ్వరం వెళ్ళి రావాలి. అందరికీ తెల్ల చొక్కాలు ఇచ్చారు. మమ్మల్ని ఇద్దరిగానే తొక్కనిచ్చారు గానీ, మర్నాడు ఆరాధన లోపు మూడో మనిషిని చూపించకపోతే మా జట్టు తీసేస్తామన్నారు.

తిరుగు ప్రయాణంలో కడియం నర్సరీలు దాటేవరకూ గాలి మామూలుగానే ఉంది, అంటే మోకాళ్ళు పట్టేసేంత. నేను ముందు, డేవిడ్ రాజు వెనక. మాకు ముందు కొంత దూరంలో ఒక జట్టు, వెనక ఇంకొక జట్టు. ద్వారపూడి దాటి కాలవ రోడ్డు మీదికి వచ్చాక గాలి తగలడం ఆగిపోయింది.

గాలి తగ్గిందేమో అనుకున్నాను. పక్కకు చూస్తే వరిచేలు మా వైపే వంగి ఉన్నాయి. గట్టు మీద కొబ్బరి మట్టలు వెనక్కి వాలిపోతున్నాయి. చెవుల పక్కన హోరు వినిపిస్తోంది. నా ముఖానికి, గుండెకు మాత్రం ఏమీ లేదు. సైకిలు తేలిగ్గా పోతోంది. సత్తిబాబు గారి వెనక తొక్కినన్నాళ్ళూ నాకు అలవాటైన తేలికే అది. వేరే రకంగా చెప్పడం నాకు రాదు.

కొంచెం పక్కకు జరిగాను. గాలి చెంపమీద కొట్టింది. మళ్ళీ లోపలికి వచ్చాను. ఆగిపోయింది. ఇంకోసారి చేసి చూశాను, అంతే. ముందు జట్టుకీ మాకూ మధ్య రోడ్డు ఖాళీ. లారీ లేదు, ఎడ్లబండి లేదు.

వంతు మార్చాలని చెయ్యి ఊపాను. డేవిడ్ రాజు పక్కకు వచ్చాడు, గాలి తగిలి కళ్ళు చిట్లించాడు, నా ముందు ఉన్న ఖాళీ వైపు చూశాడు. ముందుకు వెళ్ళలేదు. మళ్ళీ నా వెనక్కే వెళ్ళిపోయాడు. నాకు భయం వెయ్యలేదు. సంతోషం కూడా వెయ్యలేదు. తొక్కుతూ ఉన్నాను, అంతే. మిల్లుల దగ్గర మొదటి ఇళ్ళు వచ్చాక గాలి మళ్ళీ మామూలుగా తగిలింది.

చర్చి ముందు దిగాక డేవిడ్ రాజు నా గుండెల వైపే చూస్తున్నాడు. నేనూ చూసుకున్నాను. చొక్కా తెల్లగా ఉంది. కాసేపటికి మా వెనక జట్టు వచ్చింది. ముందున్న అబ్బాయి చొక్కా నిండా నుసి, కళ్ళు నలుపుకుంటున్నాడు. మా ముందు వెళ్ళిన జట్టులోనూ ఒకడు కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు.

"ఏంటండీ, బావా బావమరుదులు ఆటోలో వచ్చారా?" అన్నాడు కళ్ళు నలుపుకుంటున్న అబ్బాయి. అందరూ నవ్వారు. పాస్టరు గారు కూడా నవ్వారు.

ఇంటికి వెళ్ళే దారిలో డేవిడ్ రాజు, "బావా, నువ్వు ఎవరి ఎనకాల తొక్కావు?" అని అడిగాడు. మర్నాడు మధ్యాహ్నం ఒక్కణ్ణే అదే దారిలో వచ్చి చూశాను. గాలి పూర్తిగా తగిలింది. చొక్కా నల్లబడింది. ఆ చోట గాలికి అడ్డంగా చెట్ల వరుస గానీ, గోడ గానీ ఏమీ లేదు. బాయిలర్లు శనివారం కూడా ఆడాయని మిల్లు వాళ్ళను అడిగి తెలుసుకున్నాను. ఇంతకు మించి ఏం కనుక్కోవాలో నాకు తోచలేదు.

ఆ ఆదివారం ఉదయమే ఆరాధనకు ముందు వరలక్ష్మి గారి తమ్ముడు శ్రీను సైకిలుతో వచ్చి చర్చి బయట నుంచున్నాడు. మాకు మూడో మనిషి దొరకలేదని విని ఆవిడే పంపించారట. అలా మా జట్టు నిలిచింది. విశాఖపట్నం దాకా తొక్కాం. దారిపొడుగునా గాలి గాలిలాగే ఉంది. నా వంతు వచ్చినప్పుడల్లా, తగలడం ఆగుతుందేమో అని నేను ఎదురుచూసిన మాట నిజం. ఆగలేదు. వానలు పడేలోపు హాస్టలుకు కప్పు వేశారు. మంగ అక్కడే చదువుకుంది.

శనివారం సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. సంఘంలో లేచి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నప్పుడు కూడా యాత్ర గురించి చెప్పి, దాన్ని వదిలేశాను. సాక్ష్యం చెబితే మహిమ ఎవరిదో కూడా చెప్పాలి కదా. కానీ కప్పు పని పూర్తయ్యిందని వరలక్ష్మి గారికి చెప్పడానికి వెళ్ళినప్పుడు డేవిడ్ రాజు ఆగలేకపోయాడు. అంతా చెప్పేశాడు. ఆవిడకు ధైర్యంగా ఉంటుందనుకున్నాడు పాపం.

ఆవిడ చేటలో బియ్యం ఏరుతున్నారు. ఏరడం ఆపకుండానే విన్నారు.

"ఆ వేళ నేను అరుగు మీదే ఉన్నానండి. మీరిద్దరూ వెళ్ళడం చూశాను" అన్నారు.

చేటలో మట్టిగడ్డ ఒకటి ఏరి పక్కన పడేశారు.

"మా ఇంటి ముందు కూడా గాలి తగల్లేదా అన్నయ్యగారూ మీకు?"

తగల్లేదన్నాను.

"మిల్లుల దాకా?"

అవునన్నాను.

ఆవిడ చేట కింద పెట్టారు. రోడ్డు వైపు చూశారు. గుమ్మం నుంచి రోడ్డు పది అడుగులుంటుంది.

"అయితే ఆయన ఈ ఇల్లు దాటుకునే వెళ్ళారన్నమాట. ఇక్కడ ఎందుకు ఆగలేదండి?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు, నాకు తెలిసి ఉంటుందని అడిగారు. ఎన్నో ఇళ్ళలో, ఎన్నో మరణాల దగ్గర నేను ఆదరణ మాటలు చెప్పాను. ఆ మాటల్లో ఒక్కటి కూడా ఆ అరుగు మీద పనికి రాలేదు. అసలు ఎవరూ రాలేదండి, అది గాలి మాత్రమే అని చెప్పి ఉంటే నా విశ్వాసానికి సరిపోయేది. కానీ అది నిజమో కాదో నాకు తెలియదు. తెలియనిది నేను చెప్పలేను.

ఆ రోజు ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. డేవిడ్ రాజు లేచి చెప్పులు వేసుకున్నాడు. వెళ్ళొస్తామండి అని నేనూ లేచాను. ఆవిడ ఇంకా రోడ్డు వైపే చూస్తున్నారు.